వానాయన కారులో ఎండ

ఊరందరికీ ఎండ ఎప్పుడు కాస్తుందో, వాన ఎప్పుడు పడుతుందో ముందుగా చెప్పి బతికిన మనిషి, తన సొంత కారులో ఎండ ఎందుకు కాస్తోందో చెప్పలేక తల పట్టుకు కూర్చున్నాడు.

వాతావరణ కార్యాలయంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడాయన. వీధిలో అందరూ వానాయన అంటారు. పాలు పోసే మనిషిని పాలాయన అన్నట్టే ఇదీనూ. కాకపోతే పాలాయన చెప్పిన వేళకి పాలు వస్తాయి, వానాయన చెప్పిన వాన మాత్రం తనకి తోచినప్పుడు వస్తుంది. ఆ మాట ఎవరైనా ఎదురుగా అన్నా ఆయనకి కోపం రాదు. "మబ్బులు నా మాట వినవు, నేనే వాటి మాట వింటాను. ఒక్కోసారి సరిగ్గా వినపడదు" అంటాడు.

కారు సంగతి ఇది. డ్రైవరు సీట్లో కూర్చుని ఏసీ నొక్కితే, ఎదురుగా ఉన్న జాలీలోంచి ఇస్త్రీపెట్టె ఆవిరి లాంటి గాలి ముఖాన కొడుతోంది. చల్లదనం పెంచే మీట అటు తిప్పినా అదే వేడి, ఇటు తిప్పినా అదే వేడి. అద్దాలు దించితే బయటి ఎండ, ఎత్తితే లోపలి ఎండ. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ కలిసి నాలుగు చక్రాల మీద బజారుకి వెళ్లొస్తున్నట్టుంది ఆయన పని.

నిజానికి ఆ కారు ఆయనది కాదు, ఆయన భార్యది. ఆవిడే కొంది, ఆవిడే నడిపింది, బాగు చేయించడానికీ ఆవిడే తీసుకెళ్లేది. ఆయన పక్క సీట్లో కూర్చుని అద్దంలోంచి మబ్బులు చూసేవాడు. "కింద రోడ్డు నేను చూసుకుంటాను, పైన రోడ్డు మీరు చూసుకోండి" అనేది ఆవిడ. ఆవిడ పోయాక రెండేళ్ల పాటు కారు గుడ్డ కప్పుకుని ఇంటి పక్కన నిద్రపోయింది. కిందటి చలికాలంలో, కూతురు కడుపుతో ఉందని తెలిశాక, ఆయన ఆ గుడ్డ తీసి దుమ్ము దులిపించి, ఆ వయసులో వెళ్లి డ్రైవింగు స్కూల్లో చేరాడు. చలిరోజులు కదా, స్టీరింగు ముందు కూర్చోగానే వెచ్చటి గాలి పిల్లిపిల్లలా వచ్చి ఒళ్లో వాలేది. ఎంత మంచి బండో అని మురిసిపోయాడు. చలి వెళ్లి ఎండలు ముదిరాక గాని ఆ మంచితనం ఆయన్ని ఉడికించడం మొదలుపెట్టలేదు.

పక్క సీటు ఖాళీగానే ఉండేది. బజారు నుంచి వచ్చేటప్పుడు కూరల సంచి అక్కడ పెట్టేవాడు. అందులో ఆకుకూర ఇంటికొచ్చేసరికి అప్పుడే కోసినట్టు నవనవలాడుతుండేది. కూరలమ్మే ఆమె నిజాయితీకి మెచ్చుకుని, మళ్లీ ఆమె దగ్గరే కొనేవాడు.

ఉడికితే ఉడికాడు, పెద్దవాడు, ఓర్చుకోగలడు. కానీ రేపు పొద్దున ఆ కారెక్కాల్సిన మనిషికి ఓర్చుకోవడమంటే ఏమిటో ఇంకా తెలియదు. ఆయన మనవరాలు. డాక్టర్లు చెప్పిన రోజు దాకా ఆగలేక తొందరపడి వచ్చేసిన పాప, గుప్పెడంత ఉంది. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు, రేపు ఇంటికి తీసుకెళ్లొచ్చన్నారు. దారిలో పాపకి వేడీ తగలకూడదు, చలీ తగలకూడదు అని కూడా గట్టిగా చెప్పారు.

ఆ పాపని ఆ కారులోనే ఇంటికి తేవాలని ఆయన పట్టు. ఆ పట్టుకి కారణం ఒక వాన.

కూతురు పుట్టినప్పటి మాట. ఆసుపత్రి నుంచి తీసుకురావడానికి పక్కింటివాళ్లు జీపు ఇస్తామన్నారు. జీపుకి టాపు లేదు. ఆకాశంలో మబ్బుంది. "వాన పడుతుందేమో చూడండి" అంది భార్య. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. "పడదు. ఆఫీసులో నేనే రాసిచ్చి వచ్చాను" అన్నాడు. సగం దారిలో కుండపోత. పసిపిల్ల మీద ఆవిడ వంగి, ఆవిడ మీద ఆయన వంగి, ముగ్గురూ తడిసి ముద్దయి ఇల్లు చేరారు. చేరాక తుమ్మింది మాత్రం ఆయనొక్కడే. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ ముచ్చటని పాతబడనివ్వలేదు. కారు కొన్న రోజున కూడా దాని కప్పు మీద చేత్తో తట్టి చూసి, "మనవలు పుడితే మీ మాట నమ్మేది లేదు. ఈ కప్పు కింద కూర్చోబెట్టుకుని, నేను నడుపుకుంటూ, పొడిపొడిగా తెచ్చుకుంటాను" అంది.

ఆవిడ నడిపే వీలు లేకపోయింది. ఆ కప్పూ, ఆ పొడిదనమూ అయినా దక్కించాలని ఆయన కోరిక. కూతురిదీ అదే. "అమ్మ బండిలోనే వస్తాను నాన్నా" అంది ఆసుపత్రి మంచం మీంచి.

అడ్డం పడింది వియ్యపురాలు. అల్లుడి తల్లి ఆవిడ. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఎదుటివాళ్లు జ్వరం అనకముందే చెయ్యి పట్టుకుని ఎంత జ్వరమో చెప్పే రకం. మనవరాలి కోసం వాళ్ల ఊరి నుంచి వచ్చి, వానాయన ఇంట్లోనే దిగింది. నిన్న ఆసుపత్రికి వెళ్తున్నప్పుడు పక్క సీటు నిండా పాప దుప్పట్లూ గుడ్డలూ ఉంటే, ఆవిడ డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. దిగేసరికి ముఖం కందగడ్డయింది.

"అన్నయ్యగారూ, మనం వచ్చింది ఆసుపత్రికా, బేకరీకా?"

"ఏం చెల్లెమ్మా?"

"ఒక పక్క బాగానే కాలాను. ఇంకో వీధి తిప్పితే రెండో పక్క కూడా కాలేదాన్ని."

వానాయన నవ్వాడు గాని ఆవిడ నవ్వలేదు. "ఎల్లుండి పొద్దుటికి ఈ బండి లోపల ఆసుపత్రి గదిలా ఉంటే మంచిదే. లేకపోతే మా అబ్బాయి స్నేహితుడి పెద్ద బండి చెప్పి ఉంచాను. పాపని నేను రొట్టెలా కాల్చనివ్వను."

"నాకూ మనవరాలే కదమ్మా."

"అందుకే ఒక రోజు గడువిచ్చాను. ఇంకొకరైతే అదీ లేదు."

ఆ గడువు రోజు ఇవాళ. తెల్లారగానే ఆయన మెయిన్ రోడ్డు మీది అద్దాల ఏసీ షాపు ముందు కారు నిలబెట్టాడు. మెడలో కార్డు వేలాడేసుకున్న మెకానికు ముందు మూత ఎత్తి, గొట్టాలకి ఏదో తగిలించి, మళ్లీ తీసి, చేతులు తుడుచుకున్నాడు.

"గ్యాసు నిండుగా ఉంది సార్. కంప్రెసరు తిరుగుతోంది. ఫిల్టరు శుభ్రంగా ఉంది. బండికి జబ్బేం లేదు."

"మరి వేడి గాలి?"

మెకానికు పక్క సీట్లో కూర్చుని, తన ఎదురుగా ఉన్న జాలీ మీద చెయ్యి పెట్టాడు. "వేడి ఎక్కడ సార్? ఐసు."

వానాయన స్టీరింగు దగ్గర జాలీ మీద చెయ్యి పెట్టాడు. "ఐసా? పొయ్యి."

"ఐసు సార్."

"పొయ్యి నాయనా."

చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని, ఒకరు అరచేతులు రుద్దుకుంటూ, ఒకరు మెడ తుడుచుకుంటూ, ఎవరి మాట మీద వాళ్లు నిలబడ్డారు. వెనకాల ఇంకో కారు హారను కొట్టింది. మెకానికు దిగి, కిటికీ దగ్గరికి వంగి, మెత్తగా అన్నాడు: "ఏమీ అనుకోకండి సార్. మా నాన్నకీ మీ వయసే. అందరం చలికి ముడుచుకుంటుంటే ఆయనకి ఉక్కపోస్తుంది. ఒకసారి బీపీ చూపించుకోండి."

కారుని చూపించడానికి వెళ్లి తనని చూపించుకోమనిపించుకున్నాడు వానాయన. దారిలో మొదట కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తరవాత ఆలోచించాడు. ఐసు అన్నవాడు అబద్ధం చెప్పలేదు. పొయ్యి అన్న తనూ చెప్పలేదు. ఒకే రోజున ఒక వీధివాళ్లు "వాన అన్నారు, చుక్క లేదేం" అనీ, పక్క వీధివాళ్లు "వాన లేదన్నారు, ఇల్లు మునిగిందేం" అనీ ఆఫీసుకి ఫోను చేస్తే ఇద్దరికీ జవాబు చెప్పినవాడే కదా తను. ఇద్దరూ నిజమే చెప్పేవారు.

ఇంటికి వచ్చి, బల్ల సొరుగులోంచి గాజు థర్మామీటరు తీశాడు. ఆఫీసులో ఆయన వాడిందే. రిటైరైన రోజున తోటివాళ్లు దాన్నే గుడ్డలో చుట్టి చేతిలో పెట్టారు. ఇంజను ఆన్ చేసి, ఏసీ పెట్టి, దాన్ని స్టీరింగు ముందు జాలీ దగ్గర పట్టుకున్నాడు. పాదరసం గబగబా మేడెక్కింది. పక్క సీటు జాలీ దగ్గర పట్టుకున్నాడు. గబగబా మేడ దిగింది. మళ్లీ ఇటు. మళ్లీ అటు.

మడతపెడుతున్న పసిగుడ్డ చేత్తో అలాగే పట్టుకుని వియ్యపురాలు వాకిట్లోకి వచ్చింది.

"ఏం అన్నయ్యగారూ, కారుకి జ్వరమా?"

"సగం ఒంటికి జ్వరం, సగం ఒంటికి చలి. మీరే చూడండి, ఇలా వచ్చి పక్కన కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. కూర్చోగానే భుజాలు కిందికి దిగాయి, కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. "అబ్బ! ఇక్కడ ఇంత హాయి దాచిపెట్టుకుని, నిన్న నన్ను ఆ కొలిమిలో కూర్చోబెట్టారా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"ఇన్నేళ్లూ మీరు కూర్చున్నది ఈ సీట్లోనేగా?"

"ఈ సీట్లోనే. ఆవిడ ఉన్నన్నాళ్లూ స్టీరింగు ముందు ఎప్పుడూ కూర్చోలేదు."

"బాగుంది. ఏ మూల ఎంత ఎండో లోకమంతటికీ చెప్పిన మనిషికి, మోచెయ్యి తగిలేంత దూరంలో ఎంత ఎండో తెలియదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారని విన్నాను గాని, పక్కనే పెళ్లాన్ని పెట్టుకుని ఊరంతా కొలిచినవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాను."

వానాయన థర్మామీటరు చొక్కా జేబులో పెట్టుకుంటుంటే ఆవిడే జాలిపడి మాట మార్చింది. "వదిన ఈ బండి ఎవరికి చూపించేది? వంతెన అవతల నిదానం ఉంటాడు, అతనికేగా? పిల్లల పెళ్లి పనులప్పుడు నన్నూ ఒకసారి తీసుకెళ్లింది. పదండి, నాకు గుర్తుంది."

వంతెన దిగగానే రేకుల షెడ్డు. అసలు పేరు ఎవరికీ తెలియదు, నిదానం అంటే అందరికీ తెలుసు. సాయంత్రానికి అవుతుందా అంటే "నిదానం" అంటాడు. ఎందుకు చెడింది అంటే "నిదానం" అంటాడు. నిదానం కానిది అతని నోరొక్కటే. సంగతి వినగానే సీటు వెనక్కి జరిపి, టార్చిలైటు పట్టుకుని, డ్యాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరాడు. కాళ్లు మాత్రం తలుపు బయట మిగిలాయి. మాటలు లోపలి నుంచి వస్తున్నాయి.

"ఇక్కడ రెండు చిన్న తలుపులుంటాయి సార్, ఆ పక్కకొకటి, ఈ పక్కకొకటి. తలుపు ఇటు తిరిగితే ఇంజను వేడి మీంచి గాలి వస్తుంది, అటు తిరిగితే ఏసీ చల్లగాలి వస్తుంది. మీరు పైన మీట తిప్పితే, కింద చిన్న మోటారు తలుపుని తిప్పుతుంది. ఆ పక్క మోటారు బాగుంది. ఈ పక్క... ఈ పక్క మోటారే లేదు!"

"లేదా?"

"పీకేసి, తలుపుని తీగతో కట్టేశారు సార్. అదీ వేడి వైపుకి! ఎవడండీ ఈ పని చేసిన మహానుభావుడు? ఇది కారనుకున్నాడా, పశువుల పాక అనుకున్నాడా?"

"అంత ఘోరంగా ఉందా?" అంది వియ్యపురాలు, ముచ్చటపడుతూ.

"ఘోరమా అమ్మా! ఇలాంటి చేతులకి పానా ఇవ్వడమే పాపం. నాకు కనపడితే చెవులు మెలేసి, షెడ్డు చుట్టూ తిప్పేవాణ్ని. చూడండి, ముడి వేసిన తీరు చూడండి, రెండు మెలికలు తిప్పి, తోకని మళ్లీ వెనక్కి తెచ్చి లోపలికి దోపి..."

మాట ఆగింది. బయట కాళ్లు ఆగాయి. టార్చి వెలుగు ఒక్కచోటే నిలబడిపోయింది.

"ఏమైంది?" అన్నాడు వానాయన.

"ఏం లేదు సార్." గొంతు సన్నబడింది. "ముడి మాత్రం గట్టిగానే వేశాడు."

"ఎవరో తెలిసిందా?"

"తోక వెనక్కి దోపేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే సార్." అతను మెల్లిగా జారుకుంటూ బయటికి వచ్చి, నేల మీద కూర్చుని, చెవి దగ్గర గోక్కున్నాడు. "నేనే."

వియ్యపురాలు నవ్వు ఆపుకోడానికి చేతిసంచి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే చెవులు మేం మెలెయ్యాలా, మీరే మెలేసుకుంటారా?"

నిదానం ఆ మాట వినలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, నంబరు చూసి, మళ్లీ వానాయన ముఖం చూశాడు. "ఇది శాలువా అమ్మగారి బండి కదా? అయితే మీరు... మబ్బులు చూసే సారా?"

"అలా చెప్పిందా నా గురించి?"

"మీ గురించే చెప్పేవారు సార్." అతను ఒక పీట లాగి వానాయనకి వేసి, తను టైరు మీద కూర్చున్నాడు. "ఒక వేసవిలో ఈ పక్క మోటారు పోయింది. కొత్తది దొరకలేదు. అప్పటికి తలుపు కట్టేస్తానమ్మా, చల్ల వైపు కట్టనా, వెచ్చ వైపు కట్టనా అని అడిగాను. ఆయన పక్క మోటారు బాగుందా అన్నారు. బాగుందమ్మా అన్నాను. అయితే నా పక్క వెచ్చగా కట్టెయ్ అన్నారు. ఎండాకాలమమ్మా అంటే, 'నాకు ఏడాది పొడుగునా చలికాలమే, ఆయనకి ఏడాది పొడుగునా ఎండాకాలమే. ఇంట్లో ఫ్యాను స్విచ్చి దగ్గర పెళ్లయినప్పటి నుంచీ యుద్ధం. బండిలోనైనా సంధి కుదరనీ' అన్నారు. తరవాత కొత్త మోటారు వచ్చిందమ్మా, వెయ్యనా అంటే వద్దన్నారు. ఇది రోగం కాదు నిదానం, మందు అన్నారు."

వానాయన పీట మీద కూర్చున్నాడు. ఆయనకి శాలువా గుర్తొచ్చింది. ఇంట్లో, ఎంత ఎండలోనైనా, ఫ్యాను కింద ఆవిడ భుజాల మీద శాలువా ఉండాల్సిందే. కారెక్కగానే మాత్రం దాన్ని తీసి వెనక సీట్లోకి విసిరేసేది. డ్రైవింగంటే అంత సరదా, చలి కూడా మరిచిపోతోంది అనుకునేవాడు తను. పక్కన చల్లగా కూర్చుని, కాళ్లు చాపుకుని, మబ్బుల్ని చూస్తూ అనుకునేవాడు.

"నాకెందుకు చెప్పలేదో?"

నిదానం కాస్త సిగ్గుపడ్డాడు. "నేను అడిగాను సార్. సారుకి చెప్పరా అని. 'వాతావరణం ఆయన ఉద్యోగం. ఎన్నాళ్లకి కనిపెడతారో చూద్దాం' అన్నారు. తరవాత ఎప్పుడు వచ్చినా, నేను అడక్కముందే, తలుపు తీస్తూనే చెప్పేవారు. 'ఇంకా లేదు నిదానం' అని. ఒకటే నవ్వు."

పైన రేకులు ఎండకి టిక్కుమన్నాయి. ఎన్నిసార్లు వచ్చిందో ఇక్కడికి, అన్నిసార్లూ తన పేరు చెప్పుకుని నవ్వింది. ఆ నవ్వంతా తనకి తెలియకుండా ఇక్కడ, పాత టైర్ల మధ్య, ఇన్నాళ్లూ భద్రంగా ఉంది.

"కనిపెట్టాను" అన్నాడు వానాయన, ఎవరికి చెబుతున్నాడో తనకే తెలియనట్టు.

వియ్యపురాలు ఆ పక్కకి తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది. తుడుచుకుని, పెట్టుకుని, మామూలు గొంతుతో అంది: "సరే, కనిపెట్టారు. ఇప్పుడు పాప మాటేమిటి?"

అదీ అసలు మాట. కొత్త మోటారు కావాలంటే వారం పడుతుందన్నాడు నిదానం. తీగ విప్పి చల్ల వైపు కడితే ఈ పక్క గాలి ఐసైపోతుంది, తగ్గించడానికి మీట పనిచేయదు. పసిపిల్లకి అదీ పనికిరాదు. పోనీ సగంలో కడితే? "సగంలో నిలబడదు సార్, గాలికి టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడుకి పాపాయి నిద్రపోదు, మీరు ఊళ్లో తిరగలేరు."

"అన్నయ్యగారూ" అంది వియ్యపురాలు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "మీ కోరిక నాకు తెలుసు. కానీ పెద్ద బండికే రమ్మని చెప్తాను. తప్పుగా అనుకోకండి."

వానాయన తల ఊపబోయాడు. ఊపబోతూ కారు వంక చూశాడు. ఈ పక్క ఎండ, ఆ పక్క చలి. ఎండా చలీ ఎక్కడో ఒకచోట కలవాలి కదా.

"ఒక్క అరగంట ఆగండి చెల్లెమ్మా" అన్నాడు.

ఇంజను ఆన్ చేయించి, అద్దాలు ఎత్తించి, థర్మామీటరుతో వెనక సీట్లోకి ఎక్కాడు. మొదట డ్రైవరు వెనక కూర్చున్నాడు, పాదరసం ఎండలోకి ఎక్కింది. ఆ చివరికి జరిగాడు, నీడలోకి దిగింది. అప్పుడు మధ్యలోకి వచ్చి, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, ముడుచుకుని కూర్చున్నాడు. కారులో ఎవరికీ అక్కరలేని చోటు అది. ఆఫీసులో అయితే వేడిగాలీ చల్లగాలీ ఎదురుపడ్డ చోట గాలివాన అని రాసేవాడు. ఇక్కడ అవి రెండూ ముందు సీట్ల సందులోంచి వచ్చి, పోట్లాడుకోకుండా, సర్దుకుని కూర్చున్నాయి. పాదరసం కాస్త తడబడి, నిలబడింది.

"ఆసుపత్రిలో పాప గది ఎన్ని డిగ్రీలు ఉండాలన్నారు?" అని లోపలి నుంచి అరిచాడు.

"ఇరవై ఆరు."

ఆయన తలుపు తీసి థర్మామీటరు బయటికి చూపించాడు. ఆవిడ దాని వంక చూడనైనా చూడలేదు. "గాజుగొట్టాన్ని నేను నమ్మను, జరగండి" అని ఆయన్ని పక్కకి తోసి, మధ్యలో కూర్చుని, ముంజేతి లోపలి వైపు గాలికి పెట్టి కళ్లు మూసుకుంది. ఎంతమంది పసిపిల్లల స్నానపు నీళ్లు చూసిన చెయ్యో అది. చాలాసేపు అలాగే ఉంది. కళ్లు తెరవకుండానే అంది: "ఆగిన బండి మాట నేను నమ్మను. నడిపించండి."

నిదానం నడిపాడు. వంతెన మీంచి, ఎండకి ఎదురుగా, ఎండకి వీపు పెట్టి, సిగ్నలు దగ్గర ఆగి, మళ్లీ కదిలి. ఆవిడ చెయ్యి దించలేదు. షెడ్డు ముందు ఆగేసరికి నిదానం చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "అమ్మగారు ఎలా కూర్చున్నారో గాని సార్, ఇది మనుషులు కూర్చునే చోటు కాదు. ఇన్నాళ్ల నుంచీ మీరెలా కూర్చుంటున్నారు?"

"నేను కట్టమన్నానా, నువ్వే కట్టావు" అన్నాడు వానాయన.

వియ్యపురాలు కిందికి దిగి, ఫోను తీసి, కొడుకుతో మాట్లాడింది. "బాబూ, రేపు పెద్ద బండి వద్దని చెప్పెయ్. ఇక్కడ వాతావరణం బాగుంది."

పాప బుట్టసీటుని వెనక మధ్యలో బిగించే పని నిదానమే చేశాడు. బెల్టు చివర రెండు మెలికలు తిప్పి, తోక వెనక్కి దోపాడు. పనంతా అయ్యాక, పానా చేత్తో పట్టుకుని అడిగాడు: "మరి తీగ? వారం తరవాత మోటారు వస్తే మార్చెయ్యనా?"

వానాయన ఆలోచించాడు. "వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. "నిదానం."

మర్నాడు పొద్దున ఆసుపత్రి మెట్ల దగ్గర కారు నిలబడింది. అప్పటికే ఇంజను ఆన్‌లో ఉంది, లోపల గాలులు రెండూ వాటి చోట్లలో కుదురుకున్నాయి. పాపని బుట్టసీట్లో పడుకోబెట్టారు. కూతురు డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటానంది. అటు వేడి అమ్మా అంటే, "నాకు ఇటే బాగుంది నాన్నా" అని, శాలువా తీసి పక్కన పెట్టింది. ఆ మాటకి వానాయన అద్దంలో ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. వియ్యపురాలు ముందు సీట్లో, తన హాయిలో కూర్చుంది. అల్లుడు సామానుతో బైకు మీద వెనకాల వస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఇవాళ వాన పడుతుందా?" అంది వియ్యపురాలు.

"నేను చెప్పను."

"నాన్నా, చెప్పొద్దు" అంది కూతురు వెనక నుంచి. "నువ్వు పడదంటే పడుతుంది."

ఆయన పైన రోడ్డు చూడలేదు. దారి పొడుగునా కింద రోడ్డే చూశాడు. గుంత వస్తే ఆగి బండిని దింపాడు, మలుపు వస్తే అడిగి తిప్పినంత మెల్లిగా తిప్పాడు. సైకిళ్లు కూడా ఆయన్ని దాటుకుని పోయాయి. నుదుటి మీంచి, చెవుల పక్కనుంచి చెమట కారుతోంది. తుడుచుకోడానికి స్టీరింగు వదలడం ఇష్టం లేక అలాగే కారనిచ్చాడు. ఎదురుగా వేడిగాలి కొడుతూనే ఉంది. ఈ గాలే ఇన్నేళ్లు ఒకరికి ఇష్టంగా కొట్టిందని తెలిశాక, అది అంత వేడిగా అనిపించలేదు. అంటే, వేడిగానే ఉంది. కోపంగా లేదు.

ఇంటి ముందు కారు ఆపి ఆయన దిగగానే, వియ్యపురాలు పైనుంచి కిందికి చూసింది. చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది.

"ఇదేమిటి అన్నయ్యగారూ? మాకెవరికీ పడని వాన మీ ఒక్కరికే పడిందేం?"

"మీరు అడిగారు గాని, నేనే చెప్పలేదు కదమ్మా" అన్నాడు వానాయన.

ఆవిడ వెనక తలుపు తీసి, బుట్టసీటు మీదికి వంగి, పాప మెడ కింద వేలు పెట్టి చూసింది. వీపు కింద చూసింది. పాప నిద్రలోనే మూతి ముడుచుకుంది.

"ఎక్కడా చెమ్మ లేదు. పొడిపొడిగా ఉంది" అంది ఆవిడ.

కూతురు తండ్రి వంక చూసింది. వానాయన కారు కప్పు మీద చెయ్యి పెట్టి, ఒకసారి తట్టి, ఏదో అనబోయి, గట్టిగా తుమ్మాడు.